తాగిండు సరే, ఏం తాగిండు?

ఇంగ్లీషులో బీడీ తాగరు. నీళ్లు తాగుతారు, చాయ్ తాగుతారు, కల్లు దొరికితే కల్లూ తాగుతారు. బీడీ దగ్గరికి వచ్చేసరికి వాళ్లకు వేరే మాట ఉంది. మొదటిదాన్ని డ్రింక్ అంటారు, రెండోదాన్ని స్మోక్ అంటారు. ఆ రెండు మాటలకూ వావి లేదు, వరస లేదు. ఒకటి గొంతులోకి దిగే పని, ఇంకొకటి ముక్కులోంచి పొగ వచ్చే పని. మనం మాత్రం రెండింటినీ ఒకే గుంజకు కట్టేశాం. చాయ్ తాగుతాం, బీడీ కూడా తాగుతాం.

ఇదేదో బడిపిల్లల పాఠంలా ఉందనుకుంటారేమో. నేను టీచర్ని కాదు. కోర్టులో స్టెనోగా పనిచేసి రిటైరయ్యాను. జనగామలో మొదలై, మహబూబాబాద్ మీదుగా పోయి, భూపాలపల్లిలో ముగిసింది నా ఉద్యోగం. ప్రమోషన్లు, బదిలీలు, ఇంక్రిమెంట్ల గోల ఇందులో రాయను. అవి అందరికీ ఒకేలా వస్తాయి, రావాల్సిన దానికంటే ఆలస్యంగా వస్తాయి.

మొన్న మా వీధి అమ్మాయి ఒకతె కోర్టులో స్టెనో ఉద్యోగం వచ్చిందని మిఠాయి డబ్బా పట్టుకుని వచ్చింది. కూర్చుని, "మేడం, స్పీడ్ ఎంత ఉంటే సరిపోతది?" అని అడిగింది. నాకు చర్రున కోపం వచ్చింది. "స్పీడ్ మిషిన్‌కు ఉంటది బిడ్డా. నీకు చెవులుండాలె," అన్నాను. ఆ పిల్ల మొహం చిన్నబోయింది. మిఠాయి తెచ్చిన పిల్లతో మాట్లాడే తీరు అది కాదు. నా నోరు మొదటినుంచీ అంతే. చెవుల సంగతి ఆ రోజు సరిగ్గా చెప్పలేకపోయాను కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

బోనులో తెలుగు, కాగితం మీద ఇంగ్లీషు

బయటివాళ్లకు మా పని గురించి తెలిసింది తక్కువ. సినిమాల్లో సాక్షి మాట్లాడతాడు, వకీలు అరుస్తాడు, జడ్జి సుత్తి కొడతాడు. మూలన కూర్చుని టైపు చేసే మనిషిని కెమెరా చూపించదు. అసలు కోర్టులో సుత్తి ఉండదు, ఆ మూల మనిషి మాత్రం తప్పకుండా ఉంటుంది.

సాక్షి బోనులో నిలబడి తెలుగులో చెబుతాడు. జడ్జి గారు అది విని, అక్కడికక్కడే ఇంగ్లీషులోకి మార్చి మాకు చెబుతారు. మేం టైపు చేస్తాం. చివర్లో ఆ ఇంగ్లీషును మళ్లీ తెలుగులో సాక్షికి చదివి వినిపించాలి. "నువ్వు చెప్పింది ఇదేనా?" అని అడగాలి. అవునంటే సంతకమో, వేలిముద్రో పెట్టించుకోవాలి. అంటే సాక్షి మాట ఒకసారి ఏరు దాటి అవతలికి పోయి, మళ్లీ ఇవతలి గట్టుకు రావాలన్నమాట. పోయేటప్పుడు ఏం మునిగిందో వచ్చినప్పుడే తెలుస్తుంది.

ఈ చదివి వినిపించడాన్ని చాలామంది మొక్కుబడిగా చేస్తారు. "గిదేనా అవ్వా? ఆఁ, ఇక్కడ వేలు పెట్టు," అంటారు, అయిపోతుంది. పని ఒత్తిడి ఎంతుంటుందో నాకు తెలుసు, కాదనను. కానీ మొక్కుబడి మొక్కులు దేవుడి దగ్గర చెల్లుతాయేమో గానీ బోను దగ్గర చెల్లవు.

ఎక్కడికి పోయిండు?

ఈ సంగతి నాకు నేర్పినవారు జనగామలో నా మొదటి సూపరింటెండెంటు రాజలింగం సార్. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. చొక్కా జేబులో ఒకవైపు కలం, ఒకవైపు బీడీకట్ట ఉండేవి. గొంతు మాత్రం రైల్వే స్టేషన్‌లో అనౌన్స్‌మెంట్ లాంటిది. ఆయన ఆఫీసు గదిలో దగ్గితే కోర్టు హాలులో వకీళ్లు నోరు మూసుకునేవారని చెప్పుకునేవారు. కొంత అతిశయోక్తి ఉండొచ్చు, ఎక్కువ మాత్రం లేదు.

చేరిన కొత్తలో ఒక భూమి తగాదా నడిచింది. సాక్షి, "మా బాపు పోయిండు గద సార్, గందుకే భూమి పంచుకున్నం," అన్నాడు. ఆ రోజు జడ్జి గారికి గొంతు బాగాలేక, సాక్షి మాటను ముక్కలు ముక్కలుగా చెప్పి మిగతాది నన్నే పూర్తి చేసుకోమన్నారు. నేను ఎంతో హుషారుగా ‘మై ఫాదర్ హాజ్ గాన్’ అని కొట్టాను. కాగితం రాజలింగం సార్ దగ్గరికి పోయింది. ఐదు నిమిషాలకు కేక వినిపించింది.

"ఓ కొత్తమ్మా! జర ఇటు రా. గీయన బాపు ఎక్కడికి పోయిండు? బొంబాయికా, దుబాయికా?"

"చనిపోయిండు సార్."

"మరి గాన్ అని రాస్తివి? గాన్ అంటే పోయినోడు మల్లొస్తడు. డైడ్ అంటే రాడు. గీయన బాపు రేపు సంచి పట్టుకొని వచ్చి నా భూమి ఎవరు పంచుకున్నరని అడిగితే నువ్వు జవాబు చెప్తవా?"

గదిలో అందరూ పకపకా నవ్వారు. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఆయన నవ్వకుండా కుర్చీ చూపించి కూర్చోబెట్టారు. చాయ్ తెప్పించారు.

"సూడు బిడ్డా, మనోళ్లు మాట చిన్నగ మాట్లాడుతరు. పోయిండంటరు. పోయిండు అనేది ఒక సంచి. అండ్ల ఏమున్నదో నువ్వు చూడాలె. తిప్పి చదివి వినిపిచ్చేటప్పుడు వట్టి సంచి ముంగట పెట్టకు. లోపలి సామాను తీసి పెట్టు. సాచ్చి ఆ సామాను చూసి నాది కాదంటడు, లేదంటే నాదే అంటడు. సంచి చూపిస్తె ప్రతోడు నాదే అంటడు."

ఆ రోజునుంచి మా గదిలో ఒక ఆట మొదలైంది. పొద్దున చాయ్ వచ్చేలోపు సార్ ఒక తెలుగు మాట వేసేవారు. దానికి చుట్టరికం లేని రెండు ఇంగ్లీషు మాటలు చెప్పాలి. ‘కట్టిండు’ అంటే ఇల్లు కట్టాడా, బర్రెను కట్టాడా? ఒకటి బిల్డ్, ఒకటి టై. ‘కోసిండు’ అంటే వరి కోశాడా, వేలు కోసుకున్నాడా, వట్టి కోతలు కోశాడా? ఆ మూడోదానికి ఇంగ్లీషు దొరక్క పెద్ద గొడవైంది. ఓడినవాళ్లు చాయ్ పోయించాలి. ఇంగ్లీషు మీద నాకు భయం పోయింది ఆ ఆటలోనే. తెలుగు మీద గౌరవం పెరిగిందీ ఆ ఆటలోనే. టైపు మిషన్ల టకటక, కార్బన్ కాగితాల నీలి వేళ్లు, కిటికీలోంచి వచ్చే వేపపూత వాసన, మధ్యలో సార్ బీడీ పొగ... ఇప్పుడు ఎవరైనా నన్ను ఒక్కరోజు వెనక్కి పంపిస్తామంటే ఆ గదికే పంపించమంటాను.

ఆయన గొప్ప మనిషి కాదని కూడా రాయాలి, లేకపోతే ఆయన కింద పనిచేసినవాళ్లు నన్ను తిడతారు. ముక్కోపి. ఒకరోజు నాతో మాట్లాడితే రెండు రోజులు మాట్లాడేవారు కాదు. ఆడవాళ్లు సెలవు అడిగితే మొహం గంటు పెట్టుకునేవారు. అయినా పని నేర్పిన చేయి అది, నా నెత్తిన పెట్టుకుంటాను.

సోమ్లి అవ్వ సాక్ష్యం

ఇప్పుడు అసలు కథ. ఏ కోర్టులో జరిగిందో చెప్పను, అడగొద్దు. మనుషుల పేర్లు కూడా మార్చే రాస్తున్నాను.

లచ్చిరాం అనే ట్రాక్టర్ డ్రైవర్ మీద కేసు. లంబాడా మనిషి. మిరపచేలో కూలికి పోయిన తండావాళ్లను సాయంత్రం ట్రాలీలో ఎక్కించుకుని వస్తూ మలుపు దగ్గర బోల్తా కొట్టించాడు. నలుగురికి దెబ్బలు తగిలాయి. ట్రాలీ అంచున కూర్చున్న ఒక మనిషి చనిపోయాడు. ఆ చనిపోయినవాడు ఎవరో కాదు, లచ్చిరాం సొంత చెల్లెలు బుజ్జి మొగుడు.

దెబ్బలు తగిలినవాళ్లను దవాఖానకు మోసే తొందరలో డ్రైవర్‌కు ఏ పరీక్షా జరగలేదు. మర్నాటికి మాత్రం ‘తాగి నడిపిండంట’ అనే మాట తండా అంతా పాకింది. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు. బుజ్జి ఆ మాట నమ్మింది. ఆనాటినుంచి అన్నతో మాట్లాడలేదు. పక్కపక్క ఇండ్లే. ఆయన వాకిట్లో కూర్చుంటే ఈమె తలుపు మూసుకునేదట. వాయిదాకు ఇద్దరూ ఒకే ఆటోలో రావాల్సి వస్తే, ఈమె ఆటో దిగి నడిచి వచ్చేదట. ఈ సంగతులు కోర్టు వరండాలో కూర్చునే ఆడవాళ్ల మధ్య నా చెవిన పడ్డాయి. చెప్పాను కదా, ఈ పనికి చెవులుండాలి.

కేసు మొత్తం ఒక్క మాట మీద నిలబడింది, తాగాడా లేదా అని. తాగి నడిపి ప్రాణం తీశాడని తేలితే జైలు. లచ్చిరాంకు జైలు భయం ఉందో లేదో నాకు తెలియదు. బోను పక్కన నిలబడ్డప్పుడల్లా ఆయన జడ్జి వైపు చూడలేదు. వెనక బెంచీ మీద కూర్చున్న చెల్లెలి వైపే చూసేవాడు. ఆమె గోడ వైపు చూసేది.

ఆ రోజు ముందు బుజ్జి సాక్ష్యం అయింది. "నేను చూడలే సార్. అందరు తాగిండన్నరు," అని చెప్పి వెనక్కి పోయి కూర్చుంది. తర్వాత అటెండరు సోమ్లి అవ్వను పిలిచాడు.

సోమ్లికి తండా దగ్గర రోడ్డు పక్కన చిన్న దుకాణం. బోల్తా పడక ముందు లచ్చిరాం ట్రాక్టర్ ఆపింది అక్కడే. ముసలామె. చేతులనిండా గాజులు, నడుముకు సంచి. తెలుగు ఆమెకు దుకాణానికి వచ్చేవాళ్ల దగ్గర నేర్చుకున్న భాష, ఇంట్లో మాట్లాడేది లంబాడీ. బోనెక్కి అందరికీ ఒకేసారి దండం పెట్టింది, నాక్కూడా.

సర్కారు వకీలు లేచాడు.

"అవ్వా, ఆ రోజు లచ్చిరాం నీ దుకాణం కాడ ఆగిండా?"

"ఆగిండు."

"ఆగి ఏం చేసిండు?"

"ఏం చేస్తడు? కూసున్నడు. తాగిండు. పోయిండు."

"నువ్వు చూసినవా?"

"చూసుడేంది అయ్యా? నేనే ఇస్తి గద!"

వకీలు మొహం వెలిగిపోయింది. "నువ్వే ఇచ్చినవా! మంచిగ చెప్పినవ్ అవ్వా," అని కూర్చున్నాడు. జడ్జి గారి కనుబొమలు పైకి లేచాయి. ఆయన చెడ్డవారు కాదు, చాలా మంచివారు. కానీ తండాలో దుకాణం అనగానే దొంగచాటుగా మందు అమ్మే బెల్టు షాపు అనుకోవడం అందరికీ అలవాటైపోయింది. వకీళ్లకూ అలవాటే. నాకూ అలవాటే, మినహాయింపు ఏమీ లేదు. అందుకే ‘ఏం తాగిండు’ అని హాలులో ఒక్కరూ అడగలేదు. పైగా తెలుగులో ‘వాడు తాగుతడు’ అంటే చాయ్ అని ఎవరూ అనుకోరు. ఇంగ్లీషులో ‘హి డ్రింక్స్’ అన్నా అంతే. వట్టి మాట ఎక్కడైనా సీసా వైపే దొర్లుతుంది.

జడ్జి గారు చెప్పారు, నేను టైపు చేశాను. నిందితుడు నా దుకాణం దగ్గర కూర్చుని డ్రింక్ చేశాడు, అది నేనే ఇచ్చాను.

లచ్చిరాం తరఫు వకీలు కొత్త కుర్రాడు. నల్లకోటు ఇంకా మెరుస్తోంది. క్రాస్ చేయడానికి లేచి గట్టిగా అన్నాడు:

"అవ్వా, నువ్వు అబద్ధం చెప్తున్నవ్. లచ్చిరాం ఆ రోజు తాగనే లేదు."

సోమ్లికి ఎక్కడలేని రోషం వచ్చింది.

"ఏందయ్యా, నన్ను అబద్ధాలదాన్ని చేస్తున్నవ్? కురవి ఈరన్న దేవుని సాచ్చిగ తాగిండు! ఒకటి కాదు, రెండు తాగిండు! ఒకటి కూసొని తాగిండు, ఒకటి ట్రాక్టర్ ఎక్కుకుంట తాగిండు!"

హాలులో గుసగుసలు లేచాయి. వకీలు బిత్తరపోయి వెనక్కి తిరిగాడు. "ఏందయ్యా, తాగినవా?" అని గొంతు తగ్గించి లచ్చిరాంను అడిగాడు. లచ్చిరాం తల ఊపాడు.

"తాగిన సార్. అవ్వ నిజమే చెప్తంది. రెండు."

ఇంకేముంది! కుర్రవకీలు ‘నో ఫర్దర్ క్వశ్చన్స్’ అని కూలబడ్డాడు. కత్తి దూసి తన కాలే నరుక్కున్నట్టయింది. వెనక బెంచీ మీద బుజ్జి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అన్న తన నోటితోనే ఒప్పుకున్నాడు కదా, ఇంకేం మిగిలింది?

నేను కాగితం తీసుకుని బోను దగ్గరికి పోయాను. ఆ రోజు కేసులు చాలా ఉన్నాయి. బెంచి క్లర్కు వెనకనుంచి "తొందరగ, మేడం," అంటున్నాడు. ఇంగ్లీషు చూస్తూ తెలుగులో చదవడం మొదలుపెట్టాను. వట్టిగా ‘తాగినాడు’ అని చదివి ఉంటే అవ్వ ‘ఆఁ, గంతే’ అనేది, వేలిముద్ర వేసేది, ఇంటికి పోయేది. పోయిన మాట, వచ్చిన మాట రెండూ ఒకటే అయ్యేవి. మునిగింది మునిగినట్టే ఉండిపోయేది. కానీ నా నోటికి జనగామ అలవాటు ఉంది. వట్టి సంచి ముంగట పెట్టకు, సామాను తీసి పెట్టు.

"లచ్చిరాం నా దుకాణం దగ్గర కూర్చుని మందు తాగినాడు. ఆ మందు నేనే ఇచ్చినాను," అని చదివాను.

"ఆగు బిడ్డా," అంది సోమ్లి. "ఏం తాగిండంటివి?"

"మందు, అవ్వా."

"మందా? మందెవడు తాగిండు? నా దుకాణంల మందెక్కడిది? ఉప్పు, చాపత్త, సబ్బులు తప్ప నేనేం అమ్మను!"

"మరి తాగిండు అంటివి కదా అవ్వా?" అన్నారు జడ్జి గారు పైనుంచి.

"అయ్యో రామా! బీడీ సార్! బీడీ తాగిండు. రెండు బీడీలు నేనే ఇస్తి."

"బీడీనా?"

"బీడీని తాగక ఏం చేస్తరు సార్, తింటరా?"

అని ఊరుకుంటే సోమ్లి ఎట్లా అవుతుంది? నడుము సంచిలో చెయ్యి పెట్టి బీడీకట్ట తీసి పైకెత్తి చూపించింది. "గిదే కట్ట. నేను సుత తాగుత!" అంది. అటెండరు పరుగున వచ్చి, "లోపట పెట్టు అవ్వా, లోపట పెట్టు, గిది కోర్టు!" అని చేతులు అడ్డం పెట్టాడు. హాలంతా నవ్వులు. జడ్జి గారు మాత్రం నవ్వలేదు. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. తర్వాత లచ్చిరాంను పిలిచి మెల్లగా అడిగారు.

"నువ్వు ఏం తాగినవ్?"

"బీడీలు సార్. అవ్వ చెప్పింది గద?"

"మందు?"

"మందా?" లచ్చిరాం అయోమయంగా చూశాడు. "మా బావను, ఆడోళ్లను ట్రాలీల పెట్టుకొని మందెట్ల తాగుత సార్?"

ఆ ‘బావ’ అనే మాట దగ్గర ఆయన మళ్లీ చెల్లెలి వైపు తిరిగాడు. ఇంగ్లీషులో హాలులో చెప్పిందంతా ఆయన తల మీదుగా పోయింది. చేసిన పని చెబుతున్నారు కదా, నిజమే కదా అని ఒప్పుకున్నాడు పాపం. నిజం ఒప్పుకుని జైలుకు పోవడానికి సిద్ధపడ్డ ఇంకో మనిషిని నేను చూడలేదు.

జడ్జి గారు వకీళ్లిద్దరినీ చూసి, సాక్ష్యాన్ని సరిచేసి మళ్లీ చెప్పారు. ఈసారి నేను ‘స్మోక్డ్ టూ బీడీస్’ అని కొట్టాను. చదివి వినిపించాను. సోమ్లి, "ఆఁ, గిప్పుడు నేను చెప్పినట్టున్నది," అని వేలిముద్ర వేసింది. వేలికి అంటిన సిరా బోను కర్రకే తుడిచింది.

మా వరండా గోడ మీద పెద్ద అక్షరాలతో ‘పొగ త్రాగరాదు’ అని రాసి ఉండేది. జడ్జి గారు, వకీళ్లు, నేను, అందరం రోజూ దాని పక్కనుంచే లోపలికి పోయేవాళ్లం. ఒక్కరికీ గుర్తు రాలేదు చూడండి!

తీర్పు సంగతి ఇక్కడే చెప్పేస్తాను. ట్రాలీ చక్రం ఊడి బోల్తా పడిందని బండి పరీక్ష చేసిన అధికారి తర్వాతి వాయిదాలో చెప్పాడు. తాగి నడిపాడనడానికి ఇంకే సాక్ష్యమూ నిలబడలేదు. లచ్చిరాంను వదిలేశారు.

సార్‌కు దొరకని జత

సోమ్లి సాక్ష్యం అయిన వారం ఆదివారమే బస్సెక్కి జనగామ పోయాను. రాజలింగం సార్ అప్పటికే రిటైరై ఇంట్లో ఉంటున్నారు. చెవులు సరిగ్గా వినిపించేవి కాదు. వాకిట్లో నులకమంచం మీద కూర్చుని ఉన్నారు, వేళ్ల మధ్య బీడీ. కథంతా గట్టిగా అరిచి చెప్పాల్సి వచ్చింది. పక్కింటివాళ్లు కూడా విన్నారు. ‘తింటరా?’ దగ్గరికి వచ్చేసరికి ఆయన నవ్వలేక దగ్గు తెచ్చుకున్నారు. వాళ్ల ఆవిడ నీళ్లు తెచ్చి, "ఏం చెప్పినవమ్మా ముసలాయనకు?" అని నన్ను గద్దించింది.

దగ్గు తగ్గాక బీడీని కళ్ల ముందు పెట్టుకుని చూశారు.

"బతుకంత గిది తాగుకుంటనే మీకు ఆట ఆడిపిచ్చిన. డ్రింకు, స్మోకు! గీ జత నా చేతులనే ఉండె గదనే! ఎన్నడు తట్టలే సూడు. ఇగ నేను ఓడిపోయిన. చాయ్ నాది."

ఆ చాయ్ రుచి నాకు ఇంకా గుర్తుంది. అల్లం ఎక్కువైంది. ఆయన ఇప్పుడు లేరు. ‘పోయారు’ అని రాసి, కొట్టేసి, ‘చనిపోయారు’ అని దిద్దుతున్నాను. దిద్దకపోతే ఎక్కడికి పోయిండని అడుగుతారు. ఈ మాట రాస్తుంటే కళ్లు తడుస్తున్నాయి, ఏం చేయను.

భూపాలపల్లికి వచ్చేసరికి టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చాయి. పక్కన అందరూ కొత్త పిల్లలు. నాకంటే వేగంగా కొట్టేవాళ్లు, నన్ను చూసి భయపడేవాళ్లు. మొగుళ్లపల్లి దిక్కు రైతు ఒకాయన బోనెక్కి, "పొద్దున మందు కొట్టి ఇంటికొచ్చిన సార్," అన్నాడు. పక్కనున్న పిల్ల వేళ్లు కీబోర్డు మీద లేవబోయాయి. నేను ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఆపాను. జడ్జి గారి అనుమతి అడిగి, "ఎవరికి కొట్టినవ్ నాయినా, పత్తికా, నీకా?" అన్నాను. ఆయన పెద్దగా నవ్వి, "పత్తికే అమ్మా. నాకు కొట్టుకునేది మాపటికి," అన్నాడు. ఆ పిల్లకు ఆ రోజు అర్థమైంది. మా వీధి అమ్మాయికి కూడా ఈ కథే ముందు చెప్పి ఉంటే బాగుండేది.

మన మాట మోటదని మనల్ని చూసి నవ్వినవాళ్లు చాలామంది ఉన్నారు. బయటినుంచి వచ్చిన ఒక పెద్ద వకీలు ‘గిట్ల, గట్ల’ అని సాక్షులను వెక్కిరించేవాడు. నాకు ఒళ్లు మండేది. మోటదో, నాజూకుదో, అది ఆ మనిషి మాట. దాని మీద ఒకరి బతుకు ఆధారపడి ఉంటుంది. అర్థం కాకపోతే అడగాలి. అడగడానికి సిగ్గుపడేవాళ్లు ఈ పనిలోకి రావద్దు, వేరే పనులు బోలెడున్నాయి.

ఆ మధ్యాహ్నం

ఒక్క ముక్క మిగిలింది. దీన్ని చివరికి దాచుకున్నాను.

సోమ్లి వేలిముద్ర వేసిన రోజు మధ్యాహ్నం, కోర్టు లేచాక, చాయ్ కోసం గేటు బయట బండి దగ్గరికి పోయాను. లచ్చిరాం అప్పటికే అక్కడ ఉన్నాడు, చెట్టు మొదట్లో గొంతుక్కూర్చుని. తండావాళ్లు కొంచెం దూరంగా గుంపుగా నిలబడ్డారు. ఇన్ని రోజులూ ‘తాగిండంట’ అని మోసినవాళ్లే. ఇప్పుడు అందరూ నేల చూస్తున్నారు. సోమ్లి అవ్వ ఒక్కతే వాళ్లను ఏదో తిట్టిపోస్తోంది, లంబాడీలో. అర్థం కాకపోయినా నాకు హాయిగా ఉంది.

లచ్చిరాం జేబులోంచి బీడీ తీసి నోట్లో పెట్టుకున్నాడు. అగ్గిపుల్ల గీస్తే ఆరిపోయింది. ఇంకొకటి గీశాడు, అదీ ఆరిపోయింది.

అప్పుడు బుజ్జి వచ్చింది. గుంపు పక్కకు జరిగి దారిచ్చింది. ఆమె ఎవరినీ చూడలేదు. బండి దగ్గర రెండు చాయ్‌లు తీసుకుంది. నడుచుకుంటూ పోయి అన్న ముందు కూర్చుంది. ఒక గ్లాసు ఆయన ముందు నేల మీద పెట్టింది. ఆయన నోట్లో బీడీ అట్లాగే ఉంది, వెలగకుండా. కళ్లలోంచి నీళ్లు గడ్డం దాకా కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. ఆమెకూ అంతే.

తర్వాత ఆమె చెయ్యి చాచి, ఆయన నోట్లోంచి ఆ బీడీ తీసి ఆయన చెవి సందున పెట్టింది. వాళ్ల భాషలో అన్నను భియా అంటారు. ఆ ఒక్క మాట తప్ప మిగతాదంతా తెలుగులోనే అంది, గుంపులో ప్రతి ఒక్కరికీ వినిపించేలా.

"ముందుగాల చాయ్ తాగు భియా. బీడీ తర్వాత తాగుదువు."